నెల్లూరు ఎండలో మాత్ర ఎన్నాళ్లు నిలుస్తుంది? మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్యులేషన్ చేసే పద్ధతి

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు పోగతోటలో ఏసీ లేని ఏ చిన్న మందుల షాపుకైనా వెళ్లి, పై అర దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కింద కౌంటర్ దగ్గర ఫ్యాన్ గాలికి కాస్త హాయిగానే ఉంటుంది. పై అర మాత్రం స్లాబుకు దగ్గరగా ఉండి సెగలు కక్కుతుంటుంది. అక్కడి అట్టపెట్టెల మీద '30 డిగ్రీల సెంటీగ్రేడ్ లోపు నిల్వ ఉంచాలి' అని రాసి ఉంటుంది. ఆ పెట్టెలోని మాత్ర ఎంత దెబ్బతింటోందన్న ప్రశ్నకు షాపు ఆయన దగ్గరా, కొనుక్కునే వాళ్ల దగ్గరా జవాబు ఉండదు.

ఈ ప్రశ్నకు మీ ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద లెక్కకట్టి జవాబు రాబట్టవచ్చు. మందుల కంపెనీల్లో కంప్యూటర్ మోడలింగ్, సిమ్యులేషన్ అంటూ పెద్ద ఎత్తున చేసే పనికి పునాది కూడా ఇదే. నేను ఒక మాత్రల కంపెనీలో స్టెబిలిటీ విభాగంలో, అంటే మందు ఎన్నాళ్లు చెడకుండా నిలుస్తుందో చూసే విభాగంలో, పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు నెల్లూరులో ఫార్మసీ పిల్లల ప్రాజెక్టులకు సాయం చేస్తున్నాను. ప్రాజెక్టు అనగానే చాలామంది ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని టెన్షన్ పడతారు. దాని అవసరం లేదు. ఎక్సెల్ ఉంటే చాలు. అదీ లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్ పెట్టుకోండి. లాగరిథం, ఎక్స్‌పొనెన్షియల్ గుర్తుంటే మిగతాది చేస్తూ నేర్చుకోవచ్చు.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

'మందుల మీద ఎండ ప్రభావం' అని మొదలుపెడితే ఆ ప్రాజెక్టు ఎప్పటికీ పూర్తికాదు. ఒక మందు, ఒక చోటు, ఒక కాలం, ఒక హద్దు తీసుకోండి. ఉదాహరణకు, 'ఫలానా మాత్ర పై అరలో ఉంటే అందులోని మందు 5 శాతం తగ్గడానికి ఎన్ని నెలలు పడుతుంది?' ఈ వాక్యాన్ని షీటు పైన రాసి పెట్టుకోండి. పని సగంలో ఉండగా దారి తప్పినప్పుడు మళ్లీ దీని దగ్గరికే రావాలి.

మోడల్ అన్న మాటకు భయపడొద్దు. పల్స్ పోలియో రోజున చుక్కల మందు సీసా మీద ఉండే గుర్తును చూశారా? గుండ్రని మచ్చలో లేత రంగు చతురస్రం ఉంటుంది. సీసా వేడిలో గడిపిన కొద్దీ ఆ చతురస్రం నల్లబడుతూ పోతుంది. దాని రంగు చుట్టూ ఉన్న వలయం రంగుతో కలిసిపోతే ఆ సీసా వాడకూడదని ఏఎన్ఎంకీ, ఆశా కార్యకర్తకీ తెలుసు. పోలియో చుక్కల మందు మీద 1996 నుంచి ఈ గుర్తు వస్తోంది. అది ఇప్పుడెంత వేడిగా ఉందో చెప్పదు, ఇప్పటిదాకా ఎంత వేడి తగిలిందో కూడి చెబుతుంది. మనం ఎక్సెల్‌లో చేయబోయేదీ ఆ చతురస్రం చేసే పనే.

వేడిని కొలవడం

చిన్న డేటా లాగర్ ఒకటి సంపాదించండి. ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమను కూడా నమోదు చేసేది తీసుకోండి. అరగంటకు ఒకసారి రాసేలా సెట్ చేసి, మందు ఉండే చోటే, ఆ అట్టపెట్టె పక్కనే పెట్టండి. గుమ్మం దగ్గరో, గోడకు మేకు కొట్టి తగిలించో పెడితే మీ దగ్గర ఉండేది గోడ లెక్క అవుతుంది. కనీసం రెండు వారాలైనా ఉంచండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజులు అందులో పడేలా చూసుకోండి.

లాగర్‌ను అలాగే నమ్మేయకండి. ఐసు ముక్కలు దంచి, కొంచెం చల్లటి నీళ్లు పోసి, గ్లాసులో గుజ్జులా చేయండి. లాగర్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లో నీళ్లు చొరబడకుండా కట్టి అందులో అరగంట ఉంచండి. సున్నాకు అటూ ఇటూ అర డిగ్రీలో చూపిస్తే సరే. రెండు డిగ్రీలు తేడా చూపిస్తే ఆ తేడాను రాసుకోండి, లేదా లాగర్ మార్చండి.

తేమ సెన్సర్‌కు ఇంకో పరీక్ష ఉంది. ఉప్పులో కొద్దిగా నీళ్లు చల్లి తడి ఇసుకలా చేసి చిన్న మూతలో పెట్టండి. ఆ మూతనూ లాగర్‌నూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. సోడియం క్లోరైడ్ తడి ముద్ద పైన గాలి తేమ దాదాపు 75 శాతం దగ్గర నిలబడుతుంది, గది వేడి కాస్త మారినా ఇది పెద్దగా మారదు. మన తీరంలో ఉప్పు కొఠార్లకు కొదవ లేదు కాబట్టి గల్లుప్పు తెచ్చి చేద్దామనిపిస్తుంది. అలా చేయొద్దు. అందులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి, అవి తేమను ఇంకా కిందకు లాగుతాయి. ల్యాబ్ ఉప్పు మేలు, అది లేకపోతే శుద్ధి చేసిన ప్యాకెట్ ఉప్పు వాడండి.

సగటు తీయకండి

ఈ పనిలో అందరూ కాలుజారే చోటు ఇదే. నేనూ జారాను, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

నేను పనిచేసిన రోజుల్లో ఒక వేసవిలో మా సరుకు లారీ దారిలో చెడిపోయి రెండు మూడు రోజులు ఎండలో నిలిచిపోయింది. లాగర్ కాగితం చేతికొచ్చాక అంకెలన్నీ కూడి సగటు తీశాం. హద్దు కన్నా కొంచెమే ఎక్కువ వచ్చింది, పర్వాలేదని వదిలేశాం. ఆ సంతకాల్లో నాదీ ఉంది. కొన్ని నెలల తర్వాత అదే లాటులోని స్ట్రిప్పులు మచ్చలతో తిరిగొచ్చాయి. సరుకు వెనక్కి తెప్పించాం, కానీ అప్పటికే కొన్ని ఎవరో ఒకరి ఇంటికి చేరి ఉంటాయి కదా అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మందు పాడయ్యే వేగం వేడితో పాటు సమానంగా పెరగదు, రెట్లుగా పెరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్రీనియస్ 1889లో రసాయన చర్యల వేగానికీ ఉష్ణోగ్రతకూ మధ్య చెప్పిన సంబంధమే దీనికి ఆధారం. కాబట్టి పది డిగ్రీలు పెరిగినప్పుడు జరిగే నష్టాన్ని, తర్వాత పది డిగ్రీలు తగ్గినప్పుడు మిగిలే లాభం పూడ్చలేదు.

దీనికోసమే 1971లో హేన్స్ అనే ఆయన 'మీన్ కైనెటిక్ టెంపరేచర్' అన్న పద్ధతి ప్రతిపాదించారు. మందుల నిల్వ విషయంలో ప్రపంచమంతా ఇప్పుడు అదే వాడుతోంది. చేసే పద్ధతి ఇది. ప్రతి రీడింగుకూ 273.15 కలిపి కెల్విన్ చేయండి. 10,000ను ఆ కెల్విన్ అంకెతో భాగించి, ముందు మైనస్ గుర్తు పెట్టి, ఎక్స్‌పొనెన్షియల్ తీయండి. వచ్చిన అంకెలన్నింటికీ సగటు తీసి, దానికి సహజ లాగరిథం తీసి, మైనస్ గుర్తు మార్చండి. చివరగా 10,000ను దానితో భాగించి 273.15 తీసేయండి. ఈ 10,000 ఎక్కడిదంటే, మామూలుగా తీసుకునే యాక్టివేషన్ ఎనర్జీ (రసాయన చర్య జరగడానికి దాటాల్సిన శక్తి హద్దు) మోల్‌కు 83.144 కిలోజూళ్లు. దాన్ని గ్యాస్ స్థిరాంకం 8.3144తో భాగిస్తే యూనిట్లు సరిచేశాక 10,000 కెల్విన్ వస్తుంది.

చేతితో ఒకటి చేసి చూడండి. రోజులో 12 గంటలు 28 డిగ్రీలు, 12 గంటలు 40 డిగ్రీలు ఉంటే మామూలు సగటు 34. కైనెటిక్ లెక్కలో 35.7 వస్తుంది. ఇది చిన్న తేడానే. ఇప్పుడు 20 గంటలు 30 డిగ్రీలు, 4 గంటలు 50 డిగ్రీలు పెట్టి చూడండి. ఎండలో తలుపులు మూసి నిలిపిన వ్యానులో 50 డిగ్రీలు వింతేమీ కాదు. మామూలు సగటు 33.3 వస్తుంది, కైనెటిక్ లెక్కలో 37 దాటుతుంది. మా లారీ విషయంలో మేం చూడనిది ఈ తేడానే.

మందు పాడయ్యే వేగం పట్టుకోవడం

ఇప్పటిదాకా చూసింది వేడి సంగతి. ఇక మందు సంగతి. ప్రతి మందుకూ పాడయ్యే వేగం వేరు, అది కొలిస్తేనే తెలుస్తుంది. కాలేజీ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ (మాత్రలో మందు ఎంత ఉందో కొలిచే పరికరం) ఉంటే, మాత్రలను రెండు మూడు ఉష్ణోగ్రతల దగ్గర ఓవెన్లలో పెట్టి, వారం వారం తీసి, మిగిలిన మందు శాతం చూడాలి. అది లేకపోతే అచ్చైన పరిశోధనా పత్రాల్లోని అంకెలు తీసుకోవచ్చు. అలా తీసుకున్నప్పుడు అవి ఏ ప్యాకింగులో, ఏ తేమలో వచ్చాయో తప్పకుండా రాసుకోండి.

లెక్క నేర్చుకోవడానికి నేను ఊహించిన అంకెలు తీసుకుందాం. ఇవి ఏ నిజమైన మందువీ కావు. 60 డిగ్రీల దగ్గర రోజుకు 0.10 శాతం, 70 డిగ్రీల దగ్గర రోజుకు 0.26 శాతం మందు తగ్గుతోందనుకోండి. రెండు వేగాల నిష్పత్తి 2.6. దాని సహజ లాగరిథం 0.9555. 60 డిగ్రీలంటే 333.15 కెల్విన్, 70 అంటే 343.15. వాటి విలోమాల తేడా 0.00008747. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 10,924 కెల్విన్ వస్తుంది. ఈ మందుకు సంబంధించిన అంకె ఇదే. హేన్స్ లెక్కలోని 10,000 స్థానంలో మీ సొంత అంకె ఉంటే దాన్నే వాడండి.

ఇప్పుడు షీటు వేయండి. 'ఎ' వరుసలో సమయం, 'బి'లో ఉష్ణోగ్రత, 'సి'లో కెల్విన్. 'డి'లో ఆ ఉష్ణోగ్రత దగ్గర రోజువారీ నష్టం ఉండాలి. అందుకోసం 333.15 విలోమం నుంచి 'సి' విలోమాన్ని తీసేసి, 10,924తో గుణించి, ఎక్స్‌పొనెన్షియల్ తీసి, 0.10తో గుణించాలి. 'ఇ'లో ఆ గడిలో గడిచిన కాలానికి నష్టం. గంటకొక రీడింగ్ అయితే 'డి'ని 24తో, అరగంటకొకటైతే 48తో భాగించండి. 'ఎఫ్'లో ఇప్పటిదాకా కూడిన మొత్తం. పోలియో సీసా మీది చతురస్రం ఈ 'ఎఫ్' వరుసే.

అసలు అంకెలు పోసే ముందు షీటును పరీక్షించండి. అన్ని గడుల్లోనూ 60 పెడితే రోజుకు సరిగ్గా 0.10 రావాలి. అన్నింటిలో 30 పెడితే 0.0039 రావాలి. రాకపోతే ఎక్కడో బ్రాకెట్ తప్పింది. నా దగ్గరికొచ్చే షీట్లలో ఎక్కువగా కనిపించే తప్పు, కెల్విన్‌కు మార్చకుండా సెంటీగ్రేడునే వాడేయడం.

పరీక్ష గట్టెక్కాక పైన చెప్పిన వ్యాను రోజును పోయండి. ఎప్పుడూ 30 డిగ్రీల దగ్గరే ఉంటే 5 శాతం తగ్గడానికి సుమారు 42 నెలలు పడుతుంది. సగటు 33.3 డిగ్రీలని నమ్మి లెక్కిస్తే 28 నెలల పైన వస్తుంది. గంట గంటకూ కూడితే 18 నెలలు కూడా నిండవు. ఆ నాలుగు గంటలు రోజులో ఆరో వంతే అయినా, నష్టంలో దాదాపు మూడింట రెండు వంతులు వాటిదే. ఏడాది పొడుగునా రోజూ 50 డిగ్రీలు ఎక్కడా ఉండవు, ఇది మోడల్ ఎలా కదులుతుందో చూడటానికి వేసిన లెక్క. మీ లాగర్ అంకెలు పోస్తే మీ అరకు తగ్గ జవాబు వస్తుంది.

ఈ లెక్క చూశాక మా అమ్మ మందుల డబ్బా ఫ్రిజ్ మీద నుంచి తీసేశాను. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోస్తుంది, ఆ సెగ దాని చుట్టూనే ఉంటుంది. ఇంట్లో మందులకు అంతకన్నా మంచి చోట్లున్నాయి.

తేమను కలపడం

మన దగ్గర తేమను వదిలేస్తే మోడల్ సగమే అవుతుంది. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కుకు తగులుతుంది. గాలిలోని తేమతో ఆస్పిరిన్ విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిదే.

కంపెనీల్లో దీనికి అర్రీనియస్ సూత్రానికే ఒక ముక్క తగిలిస్తారు. వేగం లాగరిథంకు 'బి' అనే స్థిరాంకాన్ని (షీటులోని 'బి' వరుస కాదు) తేమ శాతంతో గుణించి కలుపుతారు. ఈ పద్ధతిని కెన్నెత్ వాటర్‌మన్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. 'బి' విలువ మందును బట్టి మారుతుంది. 0.04 అనుకుంటే, తేమ 40 శాతం నుంచి 75 శాతానికి పెరిగినప్పుడు 35ను 0.04తో గుణిస్తే 1.4, దాని ఎక్స్‌పొనెన్షియల్ సుమారు 4, అంటే నష్టం నాలుగు రెట్లు. వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగకుండానే నాలుగు రెట్లు!

అందుకే మైపాడు, కొత్తపట్నం వైపు ఒక లాగర్, కనిగిరి వైపు ఒక లాగర్ పెట్టి పోల్చమని పిల్లలకు చెబుతుంటాను. కనిగిరి వైపు ఎండ ఎక్కువ, గాలి పొడి. సముద్రం ఒడ్డున వేడి కాస్త తక్కువైనా తేమ వదలదు. రెండింటిలో ఏ చోట మాత్ర ముందు దెబ్బతింటుందో మందును బట్టి మారుతుంది. 'బి' చిన్నదైతే కనిగిరి ఓడుతుంది, పెద్దదైతే మైపాడు ఓడుతుంది. ఇక్కడ కూడా సగటు తేమ పనికిరాదు. మధ్యాహ్నం వేడి ఎక్కువగా ఉన్నప్పుడు తేమ తగ్గుతుంది, తెల్లవారుజామున వేడి తగ్గినప్పుడు తేమ పెరుగుతుంది. రెండూ ఒకే గంటలో ఎలా కలిశాయో ఆ గంట రీడింగే చెప్పాలి.

ఒక జాగ్రత్త ఉంది. బయటి తేమ మాత్ర దాకా చేరితేనే ఈ లెక్క. రెండు వైపులా అల్యూమినియం ఉన్న స్ట్రిప్ చెక్కుచెదరకుండా ఉంటే తేమ లోపలికి దాదాపుగా పోదు. పారదర్శక ప్లాస్టిక్ బ్లిస్టర్ కొంచెం కొంచెంగా పోనిస్తుంది. వారం రోజుల మాత్రలు ముందే విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే మొత్తం బయటి గాలే. అమోక్సిసిలిన్, క్లావులనిక్ ఆమ్లం కలిసిన మాత్రలను అలా విప్పి పెట్టకండి. క్లావులనిక్ ఆమ్లం తేమను అసలు తట్టుకోదు.

మీ జవాబు ఎంత ఊగుతుందో చూడండి

42 నెలలు అని ఒక్క అంకె రాసి ప్రాజెక్టు ముగించేవాళ్లు చాలామంది. నేను మాత్రం అక్కడి నుంచే అసలు పని మొదలవుతుందంటాను. ఓవెన్ కొలతల్లో తేడాలు తప్పవు. 60 డిగ్రీల వేగం 0.10కి అటూ ఇటూ 0.01, 70 డిగ్రీల వేగం 0.26కి అటూ ఇటూ 0.02 ఊగుతుందనుకోండి. చూడటానికి చిన్న ఊగిసలాటే.

ఎక్సెల్‌లో 'నార్మ్ ఇన్వర్స్' ఫంక్షన్ లోపల 'ర్యాండ్' పెట్టి, ఈ రెండు వేగాలకూ వెయ్యి జతల యాదృచ్ఛిక అంకెలు పుట్టించండి. ప్రతి జతకూ లెక్కను మొదటి నుంచీ మళ్లీ చేయించండి. వచ్చిన వెయ్యి జవాబులను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి. దీన్నే మాంటె కార్లో పద్ధతి అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో స్టానిస్లా ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్ అణు లెక్కల కోసం దీన్ని రూపొందించారు.

అడుగు నుంచి ఐదు శాతం దగ్గరా, పై నుంచి ఐదు శాతం దగ్గరా చూస్తే, జవాబు సుమారు ఏడాదిన్నర నుంచి దాదాపు ఎనిమిదేళ్ల దాకా పరుచుకుంటుంది. మొదటిసారి చూసిన పిల్లలు షీటు పాడైందనుకుంటారు. షీటు బాగానే ఉంది. పక్కపక్కనే ఉన్న 60, 70 డిగ్రీల నుంచి దూరంగా ఉన్న 30 డిగ్రీలకు గీత గీస్తున్నాం కాబట్టి, ఇక్కడి చిన్న వణుకు అక్కడ పెద్దదవుతుంది. పొడుగాటి గెడను ఒక చివర పట్టుకుంటే రెండో చివర ఊగినట్టే.

ఇంకో పొరపాటు కూడా చెబుతాను. యాక్టివేషన్ ఎనర్జీని విడిగా, అర్రీనియస్ సూత్రంలో ఎక్స్‌పొనెన్షియల్‌కు ముందుండే స్థిరాంకాన్ని విడిగా ఊపకండి. అవి రెండూ ఒకే కొలతల నుంచి పుట్టినవి, ఒకటి పెరిగితే రెండోది కూడా దానితో కదులుతుంది. విడదీసి ఊపితే లేని అనుమానాన్ని మీరే పుట్టించినట్టవుతుంది. ఊపాల్సింది కొలిచిన వేగాలను.

ఈ ఊగిసలాట చూశాక ఏం చేయాలో మోడలే చెబుతుంది. 30 డిగ్రీలకు దగ్గరగా ఇంకో కొలత కావాలి. 40 డిగ్రీల దగ్గర ఆరు నెలలకు సుమారు 2.2 శాతం తగ్గాలని మన మోడల్ అంటోంది. కంపెనీల్లో 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు చేసే యాక్సిలరేటెడ్ పరీక్ష దీనికి సరిగ్గా సరిపోతుంది. కొలిస్తే 2 దగ్గర వచ్చిందా, మోడల్ మీద నమ్మకం పెరుగుతుంది. 5 వచ్చిందా, వేరే ఏదో జరుగుతోంది. ఎక్కువ వేడిలో మాత్రలోని తేమ ఎగిరిపోయి ఉండవచ్చు, లేదా ఏదో పదార్థం కరిగి ఉండవచ్చు. అప్పుడు అంకెలు దిద్ది మోడల్‌కు సరిపెట్టకండి, కారణం వెతకండి.

నియంత్రణ సంస్థలు కూడా ఇందుకే జాగ్రత్తగా ఉంటాయి. మందుల నియమాలను దేశాల మధ్య ఒకేలా ఉంచే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ ఇచ్చిన క్యూ1ఈ మార్గదర్శకం ప్రకారం, గణాంకాలు బాగా ఉన్నప్పుడు కూడా నిజంగా కొలిచిన కాలానికి రెట్టింపు దాకా, అదీ 12 నెలలకు మించకుండానే ముందుకు లెక్కకట్టవచ్చు.

ఇదే లెక్క ఫ్యాక్టరీలో

నిల్వ తర్వాత తయారీ వైపు ఒకసారి చూడండి, ముఖ్యంగా గ్రాన్యూల్స్‌ను (మాత్రలుగా నొక్కే ముందు చేసే గింజల్లాంటి పొడిని) వేడి గాలితో ఆరబెట్టే ఎఫ్‌బీడీ యంత్రం వైపు. ప్రకాశంలో పొగాకు బ్యారన్ దగ్గర పెరిగినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఆకు పండబెట్టేటప్పుడు ఒక వేడి, ఆకు ఆరేటప్పుడు ఒకటి, ఈనె ఆరేటప్పుడు ఒకటి. ఒక్కసారిగా మంట పెంచితే ఆకు చెడుతుంది. వేడి ఒక్కటే చూస్తే చాలదు, బ్యారన్‌లోని తేమ కూడా చూడాలని అక్కడి రైతుకు తెలుసు.

ఫ్యాక్టరీలో గాలిని 60 డిగ్రీలకు వేడిచేసి లోపలికి పంపుతారు. మన దగ్గర ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తుంది. నవంబరు ముసురులో బయటి గాలి 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకోండి. దాన్ని 60కి వేడిచేస్తే తేమ సుమారు 16 శాతం అవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని అదే 60కి వేడిచేస్తే 7 శాతం. మీటర్ మీద రెండు రోజులూ 60 డిగ్రీలే కనిపిస్తుంది, కానీ ఆరబెట్టే బలం వేరు.

దీన్ని చిన్న మోడల్‌గా రాయండి. గ్రాన్యూల్స్‌లో మిగిలే తేమ, ఆ గాలికి తగ్గ అడుగు తేమ (ఆ గాలిలో అంతకన్నా తగ్గని తేమ) వైపు ఎక్స్‌పొనెన్షియల్‌గా దిగుతుంది. మొదట 20 శాతం, చేరాల్సింది 2 శాతం, నిమిషానికి ఆరే వేగం 0.08 అనుకుందాం. పొడి రోజున అడుగు తేమ 0.5 అయితే 32 నిమిషాలు పడుతుంది. ముసురు రోజున అది 1.2 అయితే 39 నిమిషాలు దాటుతుంది. ఇవి కూడా ఊహించిన అంకెలే. ఏడాదంతా 32 నిమిషాలకే ఆపితే నవంబరు గ్రాన్యూల్స్ మాత్రను నొక్కే పంచ్‌లకు అంటుకుంటాయి. తేమ తీసే డీహ్యుమిడిఫయర్ ఎందుకు పెట్టాలో యాజమాన్యానికి వివరించడానికి ఈ చిన్న గ్రాఫ్ చాలు.

ఇక్కడి నుంచి పైకి వెళ్తే, ట్యాంకులో ద్రవం కదలికకు సీఎఫ్‌డీ, పొడి గింజల కదలికకు డీఈఎం, శరీరంలో మందు ప్రయాణానికి పీబీపీకే మోడళ్లు ఉన్నాయి. వాటికి పైథాన్ గానీ, ఖరీదైన ప్యాకేజీలు గానీ కావాలి. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లు ముందు ఎక్సెల్‌లో ఈ రెండు మోడళ్లూ చేతితో కట్టి, ఆ తర్వాత పైథాన్‌లో మళ్లీ రాయండి. రెండింట్లోనూ ఒకే జవాబు వస్తే మీ కోడ్ సరిగ్గా ఉందని తెలుస్తుంది.

ఎక్కడ వాడకూడదు

ఇన్సులిన్‌కు ఈ లెక్క వేయకండి. అది ప్రొటీన్. వేడికి పాడయ్యే తీరు వేరు, గడ్డకడితే ఒక్కసారిలోనే పనికిరాకుండా పోతుంది. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టొద్దు. టీకాలు, కంటి చుక్కలు, నీళ్లు కలిపిన డ్రై సిరప్‌లు కూడా ఈ లెక్క కిందికి రావు. ఎక్స్‌పైరీ దాటిన మందు మీ షీటులో 'ఇంకా 97 శాతం ఉంది' అని చూపించినా వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. మందు పాడైనప్పుడు పుట్టే కొత్త పదార్థాల సంగతి ఈ మోడల్‌కు తెలియదు.

ఫైలు మొదటి షీటులో ఏం ఉండాలి

ఐసీహెచ్ 2011 నాటి వివరణ పత్రం మోడళ్లను తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రభావం ఉన్నవని మూడు రకాలుగా చూస్తుంది. ఒక ఆలోచనకు దారి చూపేది తక్కువ రకం. చివరి పరీక్షకు బదులుగా నిలబడేది ఎక్కువ రకం. మీ ప్రాజెక్టు మోడల్ మొదటి రకమని మొదటి షీటులోనే రాయండి. దాని కింద మీరు వేసిన ప్రశ్న, లాగర్ పెట్టిన చోటు, ఐసు పరీక్షలో వచ్చిన తేడా, ప్రతి స్థిరాంకం ఎక్కడి నుంచి వచ్చింది, ఏవి కొలిచినవి, ఏవి ఊహించినవి అని రాయండి. ఊహించిన వాటికి పసుపు రంగు వేయండి. మార్చిన ప్రతిసారీ తేదీతో కొత్త పేరు పెట్టి దాచండి, పాతదాని మీదే రాసేయకండి.

జూన్ మొదటి వారంలో పై అర నుంచి లాగర్ తీసి అంకెలు ఎక్కించుకోండి. బ్యాటరీ మార్చి, అరపై ఏ చోట పెట్టారో ఫోటో తీసుకుని, అక్టోబరు చివర్లో మళ్లీ అక్కడే పెట్టండి. ఆ రెండు వరుసలూ ఒకే గ్రాఫ్‌లో గీశాక, షాపు ఆయనను పిలిచి చూపించండి. ఏ పెట్టెలను కింది అరకు దించాలో ఆయనతో కూర్చుని తేల్చుకోండి.